‘నరం పట్టేసింది’ అని నూనె రాసేస్తున్నారా? ఆగండి.. టెండన్ తెగిందేమో!

జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ కొడుతుంటే మోచేతి దగ్గర ‘టప్’మని శబ్దం. లేదంటే ఇల్లు మారుతూ ఫ్రిజ్‌ని మెట్ల మీంచి దింపుతున్నారు, పైన పట్టుకున్నవాడి చేయి జారి బరువంతా ఒక్కసారిగా మీ మీద పడింది. ఓ నిమిషం ప్రాణం పోయినంత నొప్పి. కాసేపటికి తగ్గింది. చేయి వంగుతోంది, వేళ్లు ఆడుతున్నాయి, ఫోన్ కూడా పట్టుకోగలుగుతున్నారు. పక్కనున్న ఫ్రెండ్ భరోసా ఇచ్చేస్తాడు: ‘ఏం కాలేదు మామా, నరం పట్టేసింది. నూనె రాసి పడుకో, రేపటికి సెట్ అయిపోద్ది’.

సరిగ్గా ఇక్కడే చాలామంది దెబ్బతినేది. ఎముక విరిగితే చేయి కదలదు కాబట్టి అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తుతాం. టెండన్ తెగితే చేయి పని చేస్తూనే ఉంటుంది. నొప్పి కూడా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. ‘తగ్గిపోయిందిలే’ అనుకుంటాం. కానీ తెగిన టెండన్‌ని తేలిగ్గా అతికించగలిగే సమయం రెండు మూడు వారాలే. అది దాటాక వెళితే అదే ఆపరేషన్ పెద్దదవుతుంది, ఫలితం అంత బాగా రాకపోవచ్చు.

అన్నీ ‘నరాలే’ అయితే ఎలా?

మన వాడుకలో ‘నరం’ అన్నది అన్నీ పట్టే పెద్ద గోనెసంచి లాంటి మాట. మెదడు నుంచి సంకేతాలు మోసుకొచ్చే నర్వ్ నరమే. సెలైన్ ఎక్కించడానికి నర్సమ్మ చేతి మీద తట్టి వెతికే రక్తనాళమూ నరమే. కండను ఎముకకు కట్టిపడేసే తాడు కూడా నరమే! ఆ మూడోదే టెండన్. స్కూల్ బయాలజీ పుస్తకంలో దీన్నే స్నాయుబంధనం అని చదువుకుని ఉంటారు.

కండ ఇంజిన్ అయితే టెండన్ చైన్ లాంటిది. ఇంజిన్ ఎంత బాగున్నా చైన్ తెగితే చక్రం తిరగదు కదా. కండ బిగిస్తే ఆ లాగుడు టెండన్ ద్వారా ఎముకకు చేరుతుంది, కీలు కదులుతుంది. టెండన్‌కు కండకు ఉన్నంత రక్తప్రసరణ ఉండదు. అందుకే దెబ్బ తగిలితే మానడానికి ఎక్కువ కాలం పడుతుంది.

చేతిలో జిమ్‌కి వెళ్లేవాళ్లందరికీ ఇష్టమైన కండ బైసెప్స్. దీనికి పైన భుజం దగ్గర రెండు టెండన్లు, కింద మోచేయి దగ్గర ఒకటి ఉంటాయి. కింది టెండన్ ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముకకు అతుక్కుని ఉంటుంది. బైసెప్స్ పని మోచేయి వంచడమే అనుకుంటాం. నిజానికి ఆ పనిలో పెద్ద వాటా దాని కిందున్న బ్రేకియాలిస్ అనే కండది. బైసెప్స్ అసలు ప్రతాపం అరచేతిని పైకి తిప్పడంలో కనిపిస్తుంది. కుడిచేత్తో స్క్రూ బిగించడం, తాళం కుడివైపుకి తిప్పడం, ముద్ద నోటి దగ్గరికి తెచ్చేటప్పుడు చేయి తిరగడం.. అన్నింట్లో దాని చేయుంటుంది.

కింది టెండన్ తెగినా చేయి వంగుతూనే ఉండటానికి కారణం ఇదే. బ్రేకియాలిస్ వంచేస్తుంది. అరచేయి తిప్పడానికి ఇంకో చిన్న కండ సాయం పడుతుంది. పని జరుగుతోంది కాబట్టి ఏదీ తెగలేదని మనం మోసపోతాం.

ఎలా తెగుతుంది?

ఎక్కువగా తెగేది బరువు ఎత్తేటప్పుడు కాదు, బరువు మనల్ని లాగేసేటప్పుడు. మోచేయి వంచి బలంగా బిగించి ఉన్నారు. అంతలో ఊహించని బరువు పడి చేయి బలవంతంగా చాచుకుంది. కండ పైకి లాగుతోంది, బరువు కిందికి లాగుతోంది. మధ్యలో నలిగేది టెండన్. చాలాసార్లు అది ఎముకకు అతుక్కున్న చోటే ఊడి వచ్చేస్తుంది.

డెడ్‌లిఫ్ట్‌లో ఒక చేయి లోపలికి, ఒక చేయి బయటికి తిప్పి పట్టుకునే ‘మిక్స్‌డ్ గ్రిప్’ తెలుసుగా? అందులో అరచేయి ముందుకు తిరిగి ఉన్న చేతికే ఈ ముప్పు ఎక్కువ. అప్పుడు బైసెప్స్ పూర్తిగా చాచుకుని, బరువు కింద బిగుసుకుని ఉంటుంది. ఆ చేత్తో మోచేయి కొంచెం వంచి లాగారంటే ఇక చెప్పనక్కర్లేదు.

బాధితుల్లో ఎక్కువమంది 30 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లు. జిమ్ బాబులే కాదు, బస్తాలు మోసే హమాలీలు, మెకానిక్‌లు, సామాన్లు దింపే డెలివరీ కుర్రాళ్లు ఎవరికైనా రావచ్చు. పొగ తాగేవాళ్లకు రిస్క్ ఎక్కువ. 2002లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం, తాగనివాళ్లతో పోలిస్తే పొగ తాగేవాళ్లలో ఈ ప్రమాదం 7.5 రెట్లు ఎక్కువని లెక్కగట్టింది.

ఇంకో విలన్ అనబాలిక్ స్టెరాయిడ్లు. కండ త్వరత్వరగా పెరుగుతుంది, టెండన్ ఆ వేగాన్ని అందుకోలేదు. లారీ ఇంజిన్‌కి సైకిల్ చైన్ బిగించినట్టే.

గుర్తుపట్టడం ఎలా?

మోచేయి ముందుభాగంలో కింది టెండన్ పూర్తిగా తెగితే సాధారణంగా కనిపించేవి ఇవి.

‘టప్’మన్న శబ్దం, లేదా ఏదో చిరిగినట్టు అనిపించడం. వెంటనే మోచేయి మడతలో పదునైన నొప్పి.

ఒకటి రెండు రోజుల్లో మోచేయి మడత, ముంజేయి పైభాగం కమిలి నీలంగా మారడం.

కండ ఆకారం మారడం. కింది టెండన్ ఊడితే బైసెప్స్ ముద్దలా భుజం వైపు ఎగబాకుతుంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి అద్దంలో చూస్తే తేడా తెలుస్తుంది. లావుగా ఉన్నవాళ్లలో, వాపు ఎక్కువున్నప్పుడు ఇది కనపడకపోవచ్చు.

బలం తగ్గడం. ముఖ్యంగా స్క్రూడ్రైవర్ తిప్పేటప్పుడు, బిగుసుకున్న కుళాయి తిప్పేటప్పుడు చేయి ‘వదిలేసినట్టు’ అనిపిస్తుంది.

ఒక్క వేలితో పరీక్ష

డాక్టర్లు దీనికి ‘హుక్ టెస్ట్’ అనే సింపుల్ పరీక్ష చేస్తారు. మోచేయి 90 డిగ్రీలు వంచి, అరచేయి మీ ముఖం వైపు తిరిగేలా గట్టిగా తిప్పి ఉంచమంటారు. అప్పుడు మోచేయి మడతలో తాడులా బిగుసుకున్న టెండన్ తేలుతుంది. డాక్టర్ తన చూపుడువేలిని మోచేయి బయటివైపు నుంచి ఆ తాడు వెనక్కి కొక్కెంలా దూరుస్తారు. టెండన్ బాగుంటే వేలు దాని వెనక్కి వెళ్లి తగులుకుంటుంది. తెగిపోతే కొక్కెం తగిలించడానికి అక్కడ తాడే ఉండదు.

వేలు బయటివైపు నుంచే ఎందుకంటే, లోపలివైపు లాసర్టస్ ఫైబ్రోసస్ అనే పల్చటి పట్టీ ఒకటి ఉంటుంది. టెండన్ తెగినా అది మిగిలి ఉండొచ్చు. లోపలివైపు నుంచి వేలు పెడితే ఆ పట్టీ తగిలి ‘అంతా బాగానే ఉంది’ అని బోల్తా కొట్టిస్తుంది.

అమెరికాలోని మేయో క్లినిక్ సర్జన్ షాన్ ఓడ్రిస్కల్ బృందం 2007లో ఈ పరీక్షను ప్రచురించింది. ఆపరేషన్ చేసి చూసిన 45 మందిలో పూర్తిగా తెగిన 33 మందినీ ఈ పరీక్ష ముందే పట్టేసింది. అందుకే ఎమ్మారై రిపోర్టు కోసం రోజుల తరబడి ఆగకుండా, ముందు చేతితో తాకి చూసే డాక్టర్‌ని కలవడమే మేలు.

మీ మంచి చేతి మీద ఈ పరీక్ష ఇప్పుడే చేసి చూడండి, తాడు తగిలితే ఎలా ఉంటుందో తెలుస్తుంది. దెబ్బ తగిలిన చేతికి మాత్రం మీరే తీర్పు ఇచ్చేసుకోకండి. సగం తెగినప్పుడు తాడు చేతికి తగులుతుంది, అయినా లోపల దెబ్బ ఉంటుంది.

ఎక్స్‌రే నార్మల్ అంటే?

‘ఎక్స్‌రే తీశాం, ఏం లేదన్నారు’ అని ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. టెండన్ కనపడదు. ఎముక విరగలేదని తేల్చడానికి ఎక్స్‌రే కావాల్సిందే, కానీ టెండన్ సంగతి అది చెప్పదు. దానికి అనుభవం ఉన్నవాళ్లు చేసే అల్ట్రాసౌండ్, లేదా ఎమ్మారై అవసరం. సగం తెగిందా పూర్తిగా తెగిందా, తెగిన కొస ఎంత పైకి పోయింది అన్నది ఎమ్మారైలో బాగా తెలుస్తుంది.

ఒకే కండ, రెండు కథలు

బైసెప్స్ పైకొస, అంటే భుజం దగ్గర తెగితే కథ వేరు. అక్కడున్న రెండింట్లో ఎక్కువగా తెగేది పొడుగు టెండన్. అప్పుడు కండ కిందికి జారి మోచేయి వైపు ముద్దలా ఉబుకుతుంది. కార్టూన్‌లో పాలకూర తిని కండలు ఉబ్బించే పొపాయ్‌ని తలచుకుని డాక్టర్లు దీన్ని ‘పొపాయ్ కండ’ అంటారు. ఇది ఎక్కువగా వయసు పైబడినవాళ్లలో, అరిగిపోయిన టెండన్‌కు జరుగుతుంది. రెండో టెండన్ పట్టి ఉంచుతుంది కాబట్టి బలం పెద్దగా తగ్గదు. చాలామందికి ఆపరేషన్ లేకుండా విశ్రాంతి, ఫిజియోథెరపీతో సరిపోతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వేకి 1997 సీజన్ ముందు ఇలాగే బంతి విసిరే కుడిచేతి పై టెండన్ తెగింది. ఆయన కొద్ది వారాల్లోనే మైదానంలోకి దిగాడు. అదే సీజన్ చివర, 1998 జనవరిలో సూపర్‌బౌల్ గెలిచాడు.

ఈ కథ చదివి ‘చూశావా, బైసెప్స్ తెగినా ఏం కాదు’ అనుకుంటే తప్పులో కాలేసినట్టే. ఆయనకు తెగింది పైకొస. కింద ఉన్నది ఒకటే టెండన్, అది పోతే పట్టి ఉంచడానికి రెండోది లేదు. కండ పైకి జారిందా, కిందికి జారిందా? ఈ ఒక్క ప్రశ్నే వైద్యాన్ని మార్చేస్తుంది.

వెనకవైపు తెగితే..

చేతి వెనకాల ఉండే ట్రైసెప్స్ టెండన్ తెగడం ఇంకా అరుదు. చేయి ఆనించి కింద పడినప్పుడు, బెంచ్‌ప్రెస్‌లో బరువు ఆపబోయినప్పుడు జరగొచ్చు. మోచేయి మొన పైన గుంటలా తగులుతుంది. చేయి తల మీదికెత్తి మోచేయి చాచమంటే చాచలేరు, లేదా బాగా కష్టపడతారు. కొన్నిసార్లు టెండన్‌తో పాటు ఎముక పెచ్చు ఊడి ఎక్స్‌రేలో చిన్న రవ్వలా కనిపిస్తుంది.

డబ్ల్యుడబ్ల్యుఈ అభిమానులకు 2013 సమ్మర్‌శ్లామ్ గుర్తుండే ఉంటుంది. జాన్ సీనా మోచేయి వాచిపోయి కనిపించింది. ఆయనకు తెగింది ట్రైసెప్సే. ఆ వెంటనే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన దాదాపు 10 వారాల్లో బరిలోకి వచ్చేశాడు, కానీ అది మనం పెట్టుకోవాల్సిన టార్గెట్ కాదు. మామూలుగా చెప్పే గడువు నాలుగు నుంచి ఆరు నెలలు.

ఆపరేషన్ తప్పదా?

అందరికీ కాదు. సగమే తెగితే మొదట విశ్రాంతి, స్ప్లింట్, ఆపైన ఫిజియోథెరపీతో చూస్తారు. తగ్గకపోతేనే ఆపరేషన్. పూర్తిగా తెగినా, వయసు పైబడి బరువు పనులు లేనివాళ్లు, వేరే జబ్బుల వల్ల మత్తు ఇవ్వడం ప్రమాదమైనవాళ్లు ఆపరేషన్ లేకుండా నెట్టుకురావచ్చు. రోజువారీ పనులకు ఇబ్బంది అంతగా ఉండదు.

కానీ బలంలో తేడా మిగిలిపోతుంది. కింది టెండన్‌ని అలాగే వదిలేస్తే అరచేయి తిప్పే బలం సుమారు 40 శాతం, మోచేయి వంచే బలం సుమారు 30 శాతం తగ్గుతాయని వైద్యుల అంచనా. త్వరగా అలసిపోవడం దీనికి తోడు. చేతి బలం మీదే బతికే మెకానిక్‌కి, ఎలక్ట్రీషియన్‌కి, హమాలీకి ఇది జీతంలో కోత పడినట్టే. అందుకే పని చేసే వయసులో ఉన్నవాళ్లకు ఎక్కువగా ఆపరేషనే సూచిస్తారు.

ఆపరేషన్‌లో మోచేయి ముందు ఒక కోత పెట్టి, లేదా రెండు చిన్న కోతలతో తెగిన కొసను వెతికి పట్టుకుంటారు. దానికి బలమైన దారంతో కుట్లు వేసి, రేడియస్ ఎముకలో చిన్న రంధ్రం చేసి అందులోకి లాగుతారు. ఎముక అవతలివైపు చిన్న లోహపు గుండీ అడ్డం తిరిగి, కొస వెనక్కి రాకుండా పట్టేస్తుంది. చొక్కా గుండీ కాజాలో దూరి అడ్డం తిరిగినట్టు అనుకోండి. గుండీ బదులు స్క్రూలు, యాంకర్లు వాడే పద్ధతులూ ఉన్నాయి.

రిస్కులు లేవా అంటే ఉన్నాయి. ఎక్కువగా వచ్చేది ముంజేయి బయటివైపు తిమ్మిరి. అక్కడి చర్మానికి వెళ్లే సన్నటి నర్వ్ లాగుడుకు గురవడం దీనికి కారణం. చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. అరుదుగా వేళ్లు చాచే నర్వ్‌కు దెబ్బ తగలడం, అనవసరమైన చోట ఎముక పెరగడం, మళ్లీ తెగడం జరగొచ్చు. ఇవన్నీ ఆపరేషన్‌కి ముందే అడిగి తెలుసుకోండి.

మూడు వారాల లెక్క ఎందుకు?

తెగిన టెండన్ రబ్బరు బ్యాండులా పైకి లాక్కుపోతుంది. మొదట్లో దాన్ని పట్టి కిందికి తేవడం సులువు. రోజులు గడిచేకొద్దీ కండ కురచబారుతుంది, కొస చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోతుంది, టెండన్ వెళ్లాల్సిన దారి మూసుకుపోతుంది. నాలుగు వారాలు దాటాక చాలాసార్లు కొస ఎముక దాకా అందదు. అప్పుడు తొడ వెనకాల నుంచో మరోచోట నుంచో వేరే టెండన్ ముక్క తీసి జోడించాల్సి రావచ్చు. కోత పెద్దది, ఖర్చు ఎక్కువ, కోలుకోవడం ఆలస్యం.

మన దగ్గర కట్టు కట్టించుకోవడం పాత అలవాటు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు అరుదు. కట్టు చేసే పని కదలకుండా పట్టి ఉంచడం. విరిగిన ఎముక ముక్కలు పక్కపక్కనే కుదురుగా ఉంటే వాటంతటవే అతుక్కుంటాయి. ఇక్కడ టెండన్ కొస ఎముక పక్కన లేదు, పైకి వెళ్లిపోయింది. బయట నుంచి ఎంత బిగించి కట్టినా అది కిందికి దిగిరాదు. ఆ కట్టుతో గడిపే వారాలే మనకు మిగిలిన ఆ కొద్ది గడువూ. గట్టిగా రుద్దించుకోవడం ఇంకా చేటు. సగం తెగినది పూర్తిగా తెగొచ్చు, లోపల రక్తస్రావం పెరగొచ్చు.

ఆపరేషన్ తర్వాత..

మొదటి ఒకటి రెండు వారాలు స్ప్లింట్ లేదా స్లింగ్. వేళ్లు మాత్రం మొదటి రోజు నుంచే కదపమంటారు. తర్వాత ఫిజియో చెప్పినట్టు మెల్లగా మోచేయి వంచడం, చాచడం. దాదాపు ఆరు వారాల దాకా ఆ చేత్తో టీ కప్పుకి మించి బరువు ఎత్తకూడదనుకోండి. మూడో నెల దగ్గర తేలికపాటి బలం వ్యాయామాలు మొదలవుతాయి. పెద్ద బరువులకు నాలుగు నుంచి ఆరు నెలలు. సర్జన్‌ని బట్టి, మీ టెండన్‌ని బట్టి ఈ లెక్క అటూ ఇటూ మారుతుంది.

ఇక్కడ ఓపిక పోగొట్టుకునేది కుర్రాళ్లే. రెండో నెలకే నొప్పి ఉండదు. ‘ఒక్క సెట్ కొడదాం’ అనిపిస్తుంది. నొప్పి లేకపోయినా లోపల టెండన్ ఎముకకు ఇంకా గట్టిగా అతుక్కోలేదు.

తెగకుండా చూసుకోవాలంటే..

బరువు వారానికి కొంచెం కొంచెంగానే పెంచండి. డెడ్‌లిఫ్ట్‌లో మోచేతులు నిటారుగా ఉంచండి, చేత్తో లాగొద్దు. మిక్స్‌డ్ గ్రిప్ బదులు రెండు అరచేతులూ లోపలికి పెట్టి స్ట్రాప్స్ వాడొచ్చు. పడిపోతున్న బరువును ఒంటిచేత్తో ఆపబోకండి. ఫ్రిజ్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

జిమ్‌లో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల జోలికి పోవద్దు. సిగరెట్ సంగతి పైన చెప్పుకున్నాం.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్స్ విషయంలోనూ జాగ్రత్త. విరేచనాలకు, మూత్రంలో మంటకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు అరుదుగా టెండన్లను బలహీనపరుస్తాయి. ఎక్కువగా దెబ్బతినేది మడమ వెనకాల టెండన్, కానీ చేతివీ తప్పించుకోవు. 60 దాటినవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో ముప్పు ఎక్కువ. అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే వీటి మీద పెద్దక్షరాల హెచ్చరిక పెట్టించింది. డాక్టర్ రాస్తే వాడాల్సిందే, మానేయమని కాదు. వాడేటప్పుడు టెండన్ దగ్గర కొత్త నొప్పి మొదలైతే బరువులు ఆపి డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పుడే జరిగితే..

పని ఆపేయండి. చేయి స్లింగ్‌లోనో తువ్వాలుతోనో మెడకు వేలాడదీయండి. గుడ్డలో చుట్టిన ఐస్ 15-20 నిమిషాలు పెట్టండి, రోజులో మూడు నాలుగుసార్లు. నూనె, మాలిష్, వేడి కాపడం వద్దు. రెండు చేతులూ ఒకేలా పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వాపు పెరిగాక ఆకారంలో తేడా తెలియదు, అప్పుడు మొదటి రోజు ఫొటో డాక్టర్‌కి బాగా పనికొస్తుంది. వేళ్లు చల్లబడినా, రంగు మారినా, అసలు కదలకపోయినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

లేదంటే రెండు మూడు రోజుల్లో ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి. అక్కడ ‘నరం పట్టేసింది డాక్టర్ గారూ’ అనకండి. ‘బరువు పట్టుకుంటే టప్‌మంది, ఫలానా తేదీన, ఇదిగో ఇక్కడ. అప్పట్నుంచి స్క్రూ తిప్పలేకపోతున్నా’ అని జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘టెండన్ తెగిందేమో చూస్తారా?’ అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.